మూడో చాటింపు

“అమ్మా, మోటారు కట్టెయ్యమను. ట్యాంకు పొర్లిపోతోంది.”

సింధూరి అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటూ అంది. మోటారు స్విచ్చి వరండాలో ఉంది. స్విచ్చి పక్కనే మెట్టు మీద కూర్చుని ఆమె తమ్ముడు బాబీ బూట్లు తుడుచుకుంటున్నాడు. అక్క మాట వాడికి శుభ్రంగా వినపడింది. అయినా కదల్లేదు. ఆ మాట తనతో అన్నది కాదు మరి.

“బాబీ, మోటారు కట్టెయ్యమంటోందిరా అక్క,” అని వంటింట్లోంచి తెరేసమ్మ కేకేసింది.

అప్పుడు లేచి కట్టేశాడు. “కట్టేశానని చెప్పమ్మా.”

“కట్టేశాడంట.”

“విన్నానులే,” అంది సింధూరి.

తెరేసమ్మ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “విన్నావా? ఇందాక వాడూ విన్నాడు. ఇద్దరికీ చెవులున్నాయి కదా, మధ్యలో నా నోరెందుకు? విభూది బుధవారం నాడు తపస్సుకాలం మొదలైన దగ్గర్నుంచి కాఫీ మానేసి తలనొప్పితో చస్తున్నాను. నా ఉపవాసం సంగతి దేవుడు చూసుకుంటాడు. మీ ఇద్దరి మధ్య టెలిఫోను తీగలాగా వేలాడ్డం మాత్రం నా వల్ల కాదు.”

పేపరు చదువుతున్న తండ్రి సురేష్ తలెత్తాడు. “పోనీ కాఫీ తాగెయ్ తెరేసా. దేవుడేమీ అనుకోడు. మేమూ బతుకుతాం.”

బాబీ నవ్వాడు. సింధూరికీ నవ్వు వచ్చింది గానీ తమ్ముడు నవ్విన నవ్వులో పాలు పంచుకోవడం ఇష్టంలేక జడ మీదికి తల వంచేసింది. విజయవాడ బస్సుకి టైమయింది. బ్యాగు తీసుకుని వరండాలోకి వస్తే, బాబీ బూట్లు పట్టుకుని పక్కకి జరిగి దారి ఇచ్చాడు. ఏడాదిగా వాడు ఆ ఇంట్లో అలాగే పక్కకి జరుగుతున్నాడు.

పామర్రులో సురేష్‌కి బ్యాటరీల షాపుంది. తెరేసమ్మ మండల పరిషత్ స్కూల్లో టీచరు. సింధూరి విజయవాడలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పడిపోయినవాళ్ళని లేపి నిలబెట్టడం, మడత పడని మోకాళ్ళని మెల్లగా మడతపెట్టించడం ఆమె పని. బాబీ డిగ్రీ ఆఖరు సంవత్సరం. గొడవ ఏమీ లేని ఇల్లని ఊళ్ళో పేరుండేది.

నిరుడు సింధూరికి ఒక హైదరాబాదు సంబంధం కుదిరింది. అబ్బాయికి మంచి ఉద్యోగం, మెత్తగా మాట్లాడతాడు. కథోలికుల పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు పూజ చివర గుళ్ళో చాటింపు వేస్తారు. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయికి వివాహం నిశ్చయమైందనీ, ఆటంకం ఏదైనా తెలిసినవాళ్ళు ఫాదర్ గారికి తెలియజేయాలనీ చదువుతారు. ఆ చివరి మాట ఎవరూ పట్టించుకోరు. ఆ సమయానికి ఆడవాళ్ళు చెప్పులెక్కడ విడిచామో గుర్తు చేసుకుంటుంటారు.

మొదటి చాటింపు అయింది, రెండోది అయింది. మూడో ఆదివారం ఫాదర్ గారు చదవడం పూర్తి చేసీ చేయకముందే, మగవాళ్ళ వైపు మధ్య బల్లలోంచి బాబీ లేచి నిలబడ్డాడు.

“ఫాదర్, ఈ పెళ్ళి జరగకూడదు. ఆయనకి ఇదివరకే పెళ్ళయింది.”

 పైన ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

విచారిస్తే అది నిజమే. ఆ అబ్బాయి తనతో పనిచేసే ఒకమ్మాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం లేక, తల్లి చూసిన సంబంధానికీ తలూపాడు. తెరేసమ్మ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంది. సురేష్ కొడుకుని గుండెకి హత్తుకున్నాడు. సింధూరి మాత్రం ఆ రోజు నుంచి తమ్ముడితో మాట్లాడలేదు. ఊళ్ళో ఆమెకి “చాటింపు ఆగిన పిల్ల” అని పేరు పడింది. ఆసుపత్రికి వచ్చిన ఒక ముసలాయన కూడా, ఆమె తన కాలు చాపిస్తుండగా, “మీది పామర్రా అమ్మా? అక్కడ గుళ్ళో ఏదో గొడవైందంట కదా,” అని అడిగాడు. “కాలు వంచకండి తాతగారూ,” అంది సింధూరి.

ఇంట్లో మోటారు దగ్గర ఆ మాటలు జరిగిన వారంలోనే, శుక్రవారం సాయంత్రం గుళ్ళో సిలువ మార్గం ప్రార్థన అయ్యాక ఫాదర్ గారు యువజనులని ఒక్క నిమిషం ఉండమన్నారు.

“ఈ తపస్సుకాలంలో నీసు మానేశారు. ఫోను చూడ్డం తగ్గించామని కొందరు చెప్పారు, నమ్ముతున్నాను,” అన్నారు. పిల్లలు నవ్వారు. “మంచిదే. కానీ ఒకటి అడుగుతాను. నాలుకకి ఇష్టమైనవి ఉన్నట్టే మనసుకి ఇష్టమైన కోపం ఒకటి ఉంటుంది. దాన్ని రోజూ తీసి, దుమ్ము దులిపి, చూసుకుని మళ్ళీ దాచుకుంటాం. అది ఎవరైనా మానేశారా? ఈస్టరుకి కొత్త బట్టలు ఎవరైనా కొంటారు. కొత్త మనిషి అవ్వాలంటే పాతది ఏదో ఒకటి వదలాలి కదా.”

సింధూరికి ఆ మాటలు తనకోసమే అన్నట్టు అనిపించి చిరాకేసింది. తను దుమ్ము దులిపి చూసుకోవడం లేదు. అది రోజూ కళ్ళ ముందే ఉంటోంది, తనకంటే ముందు లేచి బూట్లు తుడుచుకుంటోంది.

ఇంటికి వచ్చేసరికి తండ్రి హుషారుగా ఉన్నాడు. “చల్లపల్లి వాళ్ళు ఫోన్ చేశారు తల్లీ. సిద్ధార్థకి నువ్వు నచ్చావంట. నీ మాట కోసం చూస్తున్నారు. ఈ కాలంలో పెళ్ళిళ్ళు చెయ్యరు కాబట్టి ఈస్టరు అయ్యాక చాటింపులు వేయించుకుందాం అంటున్నారు.”

సిద్ధార్థ జూనియర్ కాలేజీలో బోటనీ చెప్తాడు. రెండుసార్లు కలిశారు. తక్కువ మాట్లాడి ఎక్కువ వినే మనిషి. సింధూరికి ఇష్టమే. ఆ మాట చెప్పింది. తెరేసమ్మ సంతోషంతో సిలువ గుర్తు వేసుకుంది.

“కానీ ఒక్క షరతు,” అంది సింధూరి. “చాటింపులు వేసే మూడు ఆదివారాలూ వాడు మన గుళ్ళో ఉండకూడదు.”

సురేష్ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఎవడు?” అంది తెరేసమ్మ, తెలిసే.

“వాడే.”

“వాడు నీ తమ్ముడే. పక్కింటివాడు కాదు.”

“పక్కింటివాడు లేవలేదు కదమ్మా.”

“లేచి ఏం చెప్పాడు? అబద్ధం చెప్పాడా?”

“చెప్పలేదు. అదేగా నా బాధ! అబద్ధమైతే ఎప్పుడో క్షమించేదాన్ని. కాళ్ళ మీద పడేవాడు, రెండు తగిలించేదాన్ని, అయిపోయేది. నిజం చెప్పినవాణ్ణి ఏమని క్షమించాలి? ఏమని తిట్టాలి? ముందురోజు నేను వాడి ఫోను లాక్కుని రాత్రిదాకా ఇవ్వలేదు, పరీక్షలు పెట్టుకుని ఆటలేంటని. ఆ కసి మనసులో పెట్టుకుని నలుగురిలో నన్ను అలా…”

“కసా?” సురేష్ మెల్లగా అన్నాడు. “వాడు లేవకపోయి ఉంటే ఏమయ్యేదో ఎప్పుడైనా ఆలోచించావా అమ్మా?”

“రోజూ ఆలోచిస్తాను నాన్నా. వాడికి రుణపడ్డానని తెలుసు. రుణపడినవాళ్ళ మొహం రోజూ చూడ్డం ఎలా ఉంటుందో మీకు తెలీదు.”

 తెరేసమ్మ ఏదో అనబోయి గుమ్మం వైపు చూసి ఆగిపోయింది. బండి తాళాలు చేత్తో పట్టుకుని బాబీ అక్కడ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

“ఉయ్యూరు గుడికి వెళ్తానమ్మా,” అన్నాడు. “అక్కడ పొద్దున్నే పూజ ఉంటుంది. ఇబ్బందేం లేదు. అక్కకి చెప్పు.”

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.  సింధూరి గెలిచింది. అయినా ఆ రాత్రి చారన్నం కలిపి కంచంలో అలాగే వదిలేసింది. తండ్రి ఏమీ అడక్కుండా మజ్జిగ గ్లాసు ఆమె కంచం దగ్గరికి జరిపాడు.

తర్వాత వారం సిద్ధార్థ ఏదో పని మీద విజయవాడ వచ్చాడు. ఆసుపత్రి ఎదురుగా చెరుకురసం బండి దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. నిరుడు జరిగింది తన నోటితోనే చెప్పాలని సింధూరి ముందే అనుకుంది. చెప్పింది. తను పెట్టిన షరతు కూడా దాచలేదు.

సిద్ధార్థ గ్లాసులో ఐసు ముక్కని తిప్పుతూ విన్నాడు.

“ఒక మాట అనొచ్చాండీ? తప్పుగా అనుకోకూడదు.”

“అనండి.”

“చాటింపు వేసేది అందరికీ వినపడాలనే కదా. ఒక మనిషికి వినపడకూడదని వేసుకుంటే, ఇక మైకెందుకండీ?”

సింధూరి గ్లాసు బండి మీద పెట్టేసింది.

“మీ ఇష్టమే లెండి. మీకు తగిలిన దెబ్బ నాకేం తెలుసు? కానీ ఆ గుళ్ళో అంతమంది ఉన్నారు. మీకోసం లేచింది ఒక్కడే. నన్నడిగితే, అలాంటివాణ్ణి మొదటి బల్లలో కూర్చోబెట్టి, ఫాదర్ గారి చేత చదివించుకోవాలనుంది నా పేరు. ఆ పరీక్ష ప్యాసైతే ఇక నాకు భయం లేదు.” నవ్వాడు. “ఇంకో గ్లాసు చెప్పనా?”

“వద్దండీ,” అంది. బస్సులో కూర్చున్నాక ‘ఎందుకు లేచాడు?’ అని ఆలోచించింది. ఏడాది పొడుగునా తల్లి ద్వారా తమ్ముడితో ఎన్నో మాటలు అనిపించింది. మోటారు కట్టమంది, గేటు వెయ్యమంది, ఛార్జరు ఇమ్మంది. ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి ద్వారానూ అడిగించలేదు. కసి అని తనే తేల్చేసుకుంది.

మట్టల ఆదివారం ఈస్టరుకి వారం ముందు వస్తుంది. దాని ముందు శనివారం యువజనులు కాలవగట్టుకి వెళ్ళి ఈత మట్టలు కొట్టుకొస్తారు. మర్నాడు ఊరేగింపులో అందరూ చేతుల్లో పట్టుకోవడానికి. సింధూరికి ఆ రోజు సెలవు. తెరేసమ్మ పులిహోర డబ్బా ఆమె చేతిలో పెట్టింది.

“పిల్లలంతా పొద్దుననగా వెళ్ళారు. ఇది ఇచ్చి రా.”

“నువ్వెళ్ళొచ్చుగా.”

“నేను టెలిఫోను తీగనే. నడవలేను,” అంది తెరేసమ్మ.

సింధూరి స్కూటీ మీద వెళ్ళేసరికి మట్టలు కొట్టడం అయిపోవచ్చింది. మినుము పీకేసిన చేలు రెండువైపులా ఖాళీగా ఉన్నాయి. కాలవలో నీళ్ళు తగ్గి అడుగున ఇసుక కనపడుతోంది. పిల్లలు పులిహోర మీద పడి క్షణాల్లో తినేసి, మట్టల మోపులు ఆటోకెత్తుకుని కేరింతలు కొడుతూ గుడికి బయల్దేరారు. బాబీ ఒక్కడే మిగిలాడు. ఆఖరి మోపు కట్టి తన బండి మీద తెస్తానని వాళ్ళతో చెప్పాడు.

సింధూరి ఖాళీ డబ్బా సంచిలో పెట్టుకుంది. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. వాడు తన వైపు చూడకుండా మట్టలు పేరుస్తున్నాడు. ఒక మట్ట జారి పడితే ఆమె వంగి అందుకుంది. ఇద్దరి మధ్యా కబురు మోయడానికి అక్కడ ఎవరూ లేరు.

“ఎందుకు లేచావురా?”

బాబీ చేతిలో తాడు ఆగిపోయింది. తనతోనే అన్నదా అని చుట్టూ చూశాడు.

“నిన్నే. ఆ రోజు గుళ్ళో ఎందుకు లేచావు? పూజ అయ్యాక ఫాదర్ గారికి చెప్పొచ్చుగా. ఇంటికొచ్చి నాకు చెప్పొచ్చుగా. ఫోను లాక్కున్నాననేనా?”

“ఫోనా?” వాడు నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు మొహం పెట్టాడు. “ఎప్పుడు లాక్కున్నావు?”

సింధూరి చేతిలో మట్టని కింద పెట్టింది. “మరి?”

“ఆయన ఆఫీసులో మా ఫ్రెండు వాళ్ళన్న ఉన్నాడు. ఈయన గురించి ఏదో విన్నానని ఆ అన్న అంటే, సరిగ్గా కనుక్కోమన్నా. ఆ అన్న పూజ మధ్యలో పెళ్ళి ఫోటో పంపాడు. నాకు చెమటలు పట్టేశాయి. నువ్వేమో ఆడవాళ్ళ వైపు ముందు కూర్చున్నావు. ఆ వైపు ఎలా రావాలి? అందరూ చూస్తారు. ఈలోగా ఫాదర్ గారు చదవడం మొదలెట్టేశారు. ఇది మూడవదీ చివరిదీ అన్నారు.”

“అంటే?”

“అంటే చివరిది కదక్కా! ఆ మాట అయిపోతే ఇక ఎవరు చెప్పినా చెల్లదనుకున్నా. పెళ్ళి ఖాయమైపోతుందనుకున్నా.”

సింధూరి వాడి వైపే చూసింది. “వేలంపాట అనుకున్నావట్రా? ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని?”

“అదే అనుకున్నా.” వాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. “తర్వాత ఫాదర్ గారు చెప్పారు, పెళ్ళి రోజు దాకా ఎప్పుడైనా చెప్పొచ్చంట. నాకేం తెలుసు? చాటింపులప్పుడు ఎప్పుడైనా విన్నామా మనం?”

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. డబ్బా సంచితో సహా గట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. బాబీ ఏం చెయ్యాలో తెలియక తాడు చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా ఇది?”

“నువ్వు అడగలేదు. అమ్మతో చెప్పిద్దామనుకున్నా ఒకసారి. మళ్ళీ సిగ్గేసింది. నువ్వేమో అంత ఏడ్చావు. నాది చూస్తే ఇంత పిచ్చి కారణం.”

“నువ్వు లేచావు గానీ బాబీ, ఒక్కళ్ళు కూడా నీ వైపు చూడలేదు. అందరూ నా వైపే చూశారు.”

“తెలుసు. నేనూ చూశా.”  “నన్ను క్షమించక్కా. చెప్పినందుకు కాదు. అది మళ్ళీ చెప్పమన్నా చెప్తా. అలా నలుగురిలో చెప్పినందుకు.”

సింధూరి కాలవ వైపు తిరిగింది. మోసం చేసినవాడి మీద కోపం రావాలి. వాడు ఎక్కడో హైదరాబాదులో ఉన్నాడు, కంటికి కనపడడు. తమ్ముడు మోటారు స్విచ్చి పక్కనే ఉన్నాడు, అందుకే అదంతా వాడి మీదే పెట్టింది. వాడు మోశాడు. ఒక్కసారి కూడా ‘నేను నీకు మేలు చేశాను’ అనలేదు. ఆ మాట అని ఉంటే ఈ ఇల్లు ఏమైపోయేదో.

“నొప్పి పుట్టిందిరా,” అంది చివరికి. “లేదని చెప్పను. ఇప్పటికీ ఉంది కొంచెం. కానీ దాన్ని నీ మీద పెట్టి బతకడం నాకిక చాతకాదు. మానేస్తున్నాను.”

“ఏది?”

“కోపం. ఫాదర్ గారు మానెయ్యమన్నారుగా.”

“ఈస్టరు అయ్యాక మళ్ళీ మొదలెడతావా? అమ్మ కాఫీ లాగా?”

“చంపుతాను,” అంది. అని చెయ్యి చాపింది లేవడానికి. మట్ట అందుకున్నప్పుడే ముల్లు గుచ్చుకున్నట్టుంది, బొటనవేలి మీద రక్తం చుక్క మెరుస్తోంది. బాబీ ఆమె చెయ్యి అందుకుని లేపి, ఆ చేతిని వెలుతురుకి తిప్పి, గోటి చివరతో ముల్లు జాగ్రత్తగా లాగి పారేశాడు. సింధూరి కదలకుండా నిలబడింది. రోజంతా పరాయివాళ్ళ చేతులూ కాళ్ళూ పట్టుకునే మనిషి, తన చెయ్యి ఒకరు పట్టుకుంటే ఎలా ఉంటుందో మర్చిపోయింది.

“ఉయ్యూరు వెళ్ళక్కర్లేదు,” అంది. “మన గుళ్ళోనే ఉండు. మూడు ఆదివారాలూ. పెళ్ళికి సాక్షి సంతకం కూడా నువ్వే పెట్టు.”

బాబీ తల గోక్కున్నాడు. “అక్కడి ఫాదర్ గారికి వస్తానని చెప్పేశా. అక్కడ పాటల గుంపులో చేర్చుకుంటామన్నారు కూడా.”

“నీ గొంతు వినలేదు కాబట్టి అన్నారు. రానని చెప్పు. వాళ్ళకీ మంచిదే.”

మోపు బండికి కట్టారు. ఆమె ఒకవైపు పట్టుకుంటే వాడు ముడి వేశాడు. వేస్తూ, ఎటో చూస్తూ, “ఆ చల్లపల్లి ఆయన గురించి కూడా కొంచెం కనుక్కున్నా,” అన్నాడు.

సింధూరి మోపు మీద చెయ్యి బిగించింది. “ఏం తెలిసింది?”

“సాయంత్రాలు వాళ్ళమ్మతో షటిల్ ఆడతాడంట. ఓడిపోతే రాత్రి భోజనం దాకా మాట్లాడడంట.”

“ఇంకా?”

“అంతే. చాలా వెతికా. ఇంకేం దొరకలేదు.”

సింధూరి గట్టిగా ఊపిరి వదిలింది. పైట చెంగుతో మొహం తుడుచుకుని, తమ్ముడి చొక్కా మీద అంటుకున్న ఈతాకు ముక్కలు దులిపింది.

“ముందుముందు ఏమైనా తెలిస్తే నాకు చెప్పు.”

“ఎప్పుడైనా?”

“ఎప్పుడైనా. పూజ మధ్యలోనైనా సరే. లేచి తిన్నగా ఆడవాళ్ళ వైపుకి నడిచొచ్చి నా చెవిలో చెప్పు. చూసేవాళ్ళని చూడనీ.”

బాబీ తలూపాడు.  అక్క ముందు నడుస్తుంటే, పచ్చి మట్టల మోపుతో బండిని మెల్లగా తోసుకుంటూ గట్టు దిగాడు.